హోటల్ వైఫైకి ట్రావెల్ రౌటర్: అసలు పరీక్ష లాగిన్ పేజీ దగ్గరే

రాత్రి పదకొండింటికి ఒక కుటుంబం హోటల్ గదికి చేరింది. రిసెప్షన్‌లో ఇచ్చిన చీటీ మీద వైఫై పేరు ఉంది, గది నంబరుతో లాగిన్ అవ్వాలని రాసి ఉంది. మొదటి ఫోన్ కనెక్ట్ అయింది. రెండోదీ అయింది. ల్యాప్‌టాప్ వంతు వచ్చేసరికి, ఈ గదికి అనుమతించిన పరికరాల సంఖ్య అయిపోయిందని సందేశం వచ్చింది. టీవీకి పెట్టుకుందామని తెచ్చుకున్న స్ట్రీమింగ్ స్టిక్‌లో అసలు లాగిన్ పేజీయే తెరుచుకోలేదు. పొద్దున్నే తొమ్మిదింటికి వీడియో మీటింగ్ ఉంది. టెన్షన్ అక్కడ మొదలవుతుంది.

ఇలాంటి రాత్రుల కోసమే ట్రావెల్ రౌటర్లు వచ్చాయి. అరచేతిలో పట్టే ఈ పెట్టె హోటల్ వైఫైకి తానొక్కటే కనెక్ట్ అయి, గదిలో తన సొంత వైఫైని ఇస్తుంది. ఇంట్లో వాడే వైఫై పేరు, పాస్‌వర్డే దీనికీ పెట్టుకుంటే ఫోన్లు, ట్యాబ్, టీవీ స్టిక్ అన్నీ ఇంట్లో కలిసినట్టే వాటంతటవే కలుస్తాయి. లాగిన్ ఒక్కసారి చేస్తే చాలు. చెప్పడానికి ఇంత సులువే. అయినా కొత్తగా కొన్న రౌటర్ మొదటి రాత్రే మొండికేయడం కూడా జరుగుతుంది. కొనేటప్పుడు చూపంతా పెట్టె మీద ముద్రించిన స్పీడు అంకె మీదే ఉంటుంది. హోటల్ గదిలో మాత్రం రౌటర్ పనికొస్తుందో లేదో తేలేది లాగిన్ పేజీ దగ్గర. అందుకే ఎంపిక కూడా ఆ పేజీ నుంచే మొదలవ్వాలి.

గేట్‌వేకు తెలిసింది ఒక్కటే

చాలా హోటళ్లలో వైఫైకి పాస్‌వర్డ్ ఉండదు, ఉన్నా అందరికీ ఒకటే. అసలు కాపలా లోపల, హోటల్ నెట్‌వర్క్‌కూ బయటి ఇంటర్నెట్‌కూ మధ్య ఉండే గేట్‌వే అనే పరికరం దగ్గర ఉంటుంది. కొత్త పరికరం రాగానే గేట్‌వే దానికి ఐపీ అడ్రస్ ఇస్తుంది గానీ బయటికి పోనివ్వదు. వెబ్ పేజీ అడిగితే లాగిన్ పేజీకి మళ్లిస్తుంది. పేరు, గది నంబరు సరిపోయాక ఆ పరికరం మ్యాక్ అడ్రస్‌ను తన పట్టికలో రాసుకుని దారి వదులుతుంది. మ్యాక్ అడ్రస్ అంటే నెట్‌వర్క్‌లో ప్రతి పరికరానికీ ఉండే పన్నెండు అక్షరాల గుర్తు. లాగిన్ అయినవారు ఎవరు, ఏ గదిలో ఉన్నారన్నది ఆ తర్వాత గేట్‌వేకు పట్టదు. ఆ పన్నెండు అక్షరాలు పట్టికలో ఉన్నాయా లేదా అన్నదే చూస్తుంది.

ట్రావెల్ రౌటర్ పనిచేసేది సరిగ్గా దీని ఆధారంగానే. గేట్‌వేకు కనిపించేది రౌటర్ మ్యాక్ అడ్రస్ ఒక్కటే. దాని వెనక మూడు పరికరాలున్నా పదమూడున్నా అన్నీ ఆ ఒక్క గుర్తు చాటునే బయటికి వెళ్తాయి. మెనూల్లో ఈ పద్ధతికి రిపీటర్ అనో, విస్ప్ మోడ్ అనో, హాట్‌స్పాట్ మోడ్ అనో పేర్లుంటాయి. ఎక్స్‌టెండర్, బ్రిడ్జ్ అనే మోడ్‌లు వేరు. వాటిలో ప్రతి పరికరం హోటల్ నెట్‌వర్క్‌లోకి నేరుగా వెళ్తుంది కాబట్టి ప్రతిదానికీ మళ్లీ లాగిన్ కావాల్సి రావచ్చు. సిగ్నల్ పెంచడానికి ఇంట్లో వాడే మామూలు రేంజ్ ఎక్స్‌టెండర్‌ను సంచిలో వేసుకెళ్లినా ఫలితం లేకపోవడానికి కారణం ఇదే.

రౌటర్‌కు తెర లేదు, బ్రౌజర్ లేదు. మరి లాగిన్ పేజీ నింపేదెవరు? దాని వెనకున్న ఫోనే. ఆండ్రాయిడ్ ఫోన్ ఏ వైఫైకి కనెక్ట్ అయినా ముందుగా గూగుల్ సర్వర్‌ను ఒక చిన్న ప్రశ్న అడుగుతుంది. జవాబుగా 204 అనే కోడ్ రావాలి. ఐఫోన్ ఆపిల్ పేజీ ఒకటి తెరిచి అందులో సక్సెస్ అన్న మాట ఉందో లేదో చూస్తుంది. అనుకున్న జవాబు కాకుండా ఇంకేదో వస్తే, మధ్యలో గేట్‌వే అడ్డుపడిందని ఫోన్ గ్రహించి లాగిన్ తెరను పైకి తెస్తుంది. ట్రావెల్ రౌటర్ చేయాల్సిందల్లా ఈ ప్రశ్నను, గేట్‌వే ఇచ్చిన జవాబును ఏ మార్పూ లేకుండా అటూ ఇటూ చేరవేయడం. పేజీ నింపేది ఫోన్, అనుమతి దక్కేది రౌటర్‌కు. ఆ తర్వాత కలిసే పరికరాలన్నిటికీ దారి తెరిచే ఉంటుంది.

పేజీ రాకపోతే

చిక్కంతా ఆ చేరవేయడంలోనే ఉంది. ట్రావెల్ రౌటర్‌లో మనకు మేలు చేసే రక్షణలే ఇక్కడ అడ్డం తిరుగుతాయి.

మొదటిది వీపీఎన్, అంటే మన డేటానంతా రహస్య లిపిలో వేరే సర్వర్ దాకా పంపే సొరంగం లాంటి దారి. వీపీఎన్ తెగిపోతే నెట్ మొత్తం ఆగిపోయేలా రౌటర్‌ను సెట్ చేసి ఉంచితే, లాగిన్ కాకముందు వీపీఎన్ కలవదు, వీపీఎన్ కలవనిదే రౌటర్ ఏ పేజీనీ పోనివ్వదు. రెండూ ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ కూర్చుంటాయి. రెండోది డీఎన్‌ఎస్, అంటే వెబ్‌సైట్ పేరు అడిగితే దాని ఐపీ అడ్రస్ చెప్పే వ్యవస్థ. ఇంట్లో ఎన్‌క్రిప్టెడ్ డీఎన్‌ఎస్ పెట్టుకున్న రౌటర్ హోటల్ డీఎన్‌ఎస్‌ను పక్కనపెట్టి బయటి సర్వర్‌నే అడుగుతుంది. గేట్‌వే ఆ ప్రశ్నను బయటికి పంపదు. పంపినా, హోటల్ లోపల మాత్రమే తెలిసిన లాగిన్ పేజీ పేరు బయటి సర్వర్‌కు తెలియదు.

మూడోది అంత సులువుగా దొరకదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ ఆధారంగా నడిచే రౌటర్లలో డీఎన్‌ఎస్ రీబైండింగ్ రక్షణ ముందే ఆన్‌లో ఉంటుంది. ఒక వెబ్‌సైట్ పేరు అడిగినప్పుడు 10 తోనో 192.168 తోనో మొదలయ్యే లోపలి అడ్రస్ జవాబుగా వస్తే, అది మోసం కావచ్చని ఆ జవాబును రౌటర్ పారేస్తుంది. మామూలు రోజుల్లో ఇది మంచి అలవాటే. కానీ హోటల్ లాగిన్ పేజీ ఉండేది అలాంటి లోపలి అడ్రస్‌లోనే. ఫోన్ తెర తెల్లగా ఉండిపోతుంది, కారణం ఎక్కడా కనిపించదు.

నాలుగోది గడియారం. చాలా చిన్న రౌటర్లలో గడియారానికి విడిగా బ్యాటరీ ఉండదు. ప్లగ్ తీసి సంచిలో పెట్టిన రౌటర్‌ను మళ్లీ ఆన్ చేస్తే పాత తేదీతో లేస్తుంది. సరైన సమయం తెలుసుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే లాగిన్ కావాలి. ఈలోగా తేదీ తప్పుగా ఉంటే ఎన్‌క్రిప్టెడ్ డీఎన్‌ఎస్‌కు సర్టిఫికెట్లు చెల్లవు. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతి కూడా కలవకపోవచ్చు. పాత సందేశాన్ని ఎవరైనా మళ్లీ పంపి మోసం చేయకుండా అది ప్రతిసారీ సమయాన్ని సరిచూస్తుంది, ఇంతకుముందు చూసినదానికంటే వెనకటి సమయంతో వస్తే ఒప్పుకోదు.

ఇంకొకటి అడ్రస్‌ల ఢీ. రౌటర్ లోపలి అడ్రస్ 192.168.1.1 అయి, హోటల్ కూడా అదే వరస వాడుతుంటే, ఏ ప్యాకెట్ లోపలికి పోవాలో ఏది బయటికి పోవాలో రౌటర్‌కు తేలదు. కనెక్ట్ అయినట్టే చూపిస్తుంది, నెట్ మాత్రం రాదు. జీఎల్-ఐనెట్ కంపెనీ రౌటర్లు ముందే 192.168.8.1 తో వస్తాయి కాబట్టి ఈ ఢీ తక్కువ. వేరే రౌటరైతే ఇంట్లో ఉండగానే లోపలి అడ్రస్‌ను ఎవరూ పెద్దగా వాడని వరసకు మార్చుకోవడం మంచిది. రెండు నిమిషాల పని, అర్ధరాత్రి తిప్పలు తప్పుతాయి.

లాగిన్ పేజీ తనంతట తాను రాకపోతే బ్రౌజర్‌లో ఏదో పెద్ద వెబ్‌సైట్ పేరు కొట్టడం అందరూ చేసేదే. దానివల్ల పెద్దగా ఫలితం ఉండదు. ఈ రోజుల్లో పెద్ద సైట్లన్నీ ఎన్‌క్రిప్షన్ ఉన్న హెచ్‌టీటీపీఎస్ కాబట్టి మధ్యలో గేట్‌వే మళ్లించబోతే బ్రౌజర్ సర్టిఫికెట్ హెచ్చరిక చూపించి ఆపేస్తుంది. ఎన్‌క్రిప్షన్ లేని పాత తరహా హెచ్‌టీటీపీ పేజీ కావాలి. నెవర్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్ అనే సైట్‌ను ప్రత్యేకంగా ఇందుకోసమే నడుపుతున్నారు. అదీ కుదరకపోతే రౌటర్ సెట్టింగ్స్‌లో కనిపించే గేట్‌వే ఐపీ అడ్రస్‌ను నేరుగా బ్రౌజర్‌లో కొట్టి చూడాలి.

ఇవన్నీ అయ్యాక మిగిలే మార్గం మ్యాక్ క్లోనింగ్. ముందు ఫోన్‌ను నేరుగా హోటల్ వైఫైకి కలిపి లాగిన్ చేసి, ఆ ఫోన్ మ్యాక్ అడ్రస్‌ను రౌటర్‌కు ఇవ్వడం. గేట్‌వే పట్టికలో ఆ గుర్తు ముందే ఉంది కాబట్టి రౌటర్‌కు దారి దొరుకుతుంది. ఇక్కడ రెండు చోట్ల పొరపాటు జరుగుతుంది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రస్ దాచి, ఒక్కో వైఫైకి ఒక్కో కొత్త అడ్రస్ చూపిస్తున్నాయి. ఫోన్ వివరాల పేజీలో ఉండే అసలు అడ్రస్‌ను కాపీ చేస్తే ఉపయోగం లేదు. వైఫై జాబితాలో హోటల్ పేరు మీద నొక్కి, అక్కడ కనిపించే అడ్రస్‌నే తీసుకోవాలి. రెండోది, రౌటర్ ఆ అడ్రస్‌తో కలిసేముందు ఫోన్‌లో హోటల్ వైఫైని ఫర్గెట్ చేయాలి. లేకపోతే ఒకే గుర్తుతో రెండు పరికరాలు ఒకే నెట్‌వర్క్‌లో ఉండి, రెండింటికీ నెట్ వస్తూ పోతూ ఉంటుంది.

కొనేముందు చూడాల్సినవి ఏమిటో ఇప్పుడు తేలిపోయింది. విస్ప్ తరహా మోడ్, మ్యాక్ అడ్రస్ మార్చుకునే వీలు, లోపలి అడ్రస్ మార్చుకునే వీలు, వీపీఎన్‌నూ ఎన్‌క్రిప్టెడ్ డీఎన్‌ఎస్‌నూ ఫోన్ నుంచే క్షణంలో ఆపి మళ్లీ పెట్టగలగడం. కొన్ని మోడళ్లకు పక్కన చిన్న స్విచ్ ఉంటుంది, దాన్ని వీపీఎన్‌కు కేటాయించుకోవచ్చు. కిందికి జరిపి, లాగిన్ చేసి, పైకి జరిపితే అయిపోయింది. చూడటానికి చిన్న సౌకర్యమే. మెనూలు వెతకలేనంత అలసటలో ఉన్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. ఉత్పత్తి పేజీలో స్పీడు గురించి పది వాక్యాలు, క్యాప్టివ్ పోర్టల్ (ఇలాంటి లాగిన్ పేజీకి పేరు) గురించి ఒక్క ముక్కా లేని రౌటర్‌ను పక్కన పెట్టడమే నయం.

పెట్టె మీది అంకె

ఏఎక్స్3000 అని రాసి ఉంటే 3,000 ఎంబీపీఎస్ వస్తుందని కాదు. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద 574, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద 2,402 కలిపి, పైకి సవరించి వేసిన అంకె అది. ఆ 2,402 కూడా 160 మెగాహెర్ట్జ్ వెడల్పు ఛానెల్ దొరికినప్పుడు, కాగితం మీద లెక్క. ఏ ఒక్క ఫోనూ రెండు బ్యాండ్ల మొత్తాన్ని ఒకేసారి అందుకోదు. పైగా హోటల్ ఒక్కో పరికరానికి ఇచ్చే వాటా 10 ఎంబీపీఎస్సో 20 ఎంబీపీఎస్సో అయితే, గదిలో ఎంత ఖరీదైన రౌటర్ ఉన్నా వచ్చేది అంతే.

ఈ వాటా సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడ రౌటర్ వల్ల నష్టమూ ఉంది. హోటల్ స్పీడును గదికి ఇంత అని కాకుండా పరికరానికి ఇంత అని కడితే, నాలుగు ఫోన్లు విడివిడిగా లాగిన్ అయినప్పుడు నాలుగు వాటాలు వస్తాయి. నాలుగూ రౌటర్ వెనక చేరితే ఒక్క వాటానే నలుగురూ పంచుకోవాలి. సాయంత్రం పిల్లలు వీడియోలు చూస్తుండగా మీటింగ్ తడబడితే అది రౌటర్ లోపమని తిట్టుకుంటారు, నిజానికి వాటా లెక్క అది. అలాంటి హోటల్లో మీటింగ్ ఉన్న ల్యాప్‌టాప్‌ను నేరుగా హోటల్ వైఫైకి కలిపి, మిగతావాటిని రౌటర్ వెనక ఉంచడం తెలివైన పని. ఫోన్‌ను ముందు నేరుగా, తర్వాత రౌటర్ ద్వారా కలిపి స్పీడ్ టెస్ట్ చేస్తే పరిస్థితి అర్థమవుతుంది.

స్పీడు విషయంలో నిజంగా లెక్కలోకి వచ్చేది బ్యాండ్ల సంఖ్య. ఒకే రేడియోతో హోటల్ సిగ్నల్ తీసుకుని, అదే రేడియోతో గదిలోకి పంచాల్సి వస్తే, ఆ రేడియో ఒకసారి వినాలి, ఒకసారి మాట్లాడాలి. స్పీడు సుమారు సగానికి పడిపోతుంది. రెండు బ్యాండ్లున్న రౌటరైతే ఒకదాని మీద హోటల్‌తో, ఇంకోదాని మీద గదితో మాట్లాడగలదు. అందుకే 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఉన్న మోడళ్లు ఈరోజు కొనదగ్గవి కావు, గోడలో కేబుల్ పాయింట్ దొరుకుతుందన్న నమ్మకం ఉంటే తప్ప.

5 గిగాహెర్ట్జ్‌లో ఇంకో మెలిక ఉంది. 52 నుంచి 144 వరకు ఉన్న ఛానెళ్లలో ఎక్కువ భాగాన్ని చాలా దేశాల్లో వాతావరణ, సైనిక రాడార్లతో పంచుకోవాలి. ఆ ఛానెళ్లలో వైఫై ప్రసారం మొదలుపెట్టేముందు పరికరం కనీసం ఒక నిమిషం పాటు రాడార్ ఉందేమో వినాలి. యూరప్ నిబంధనల్లో వాతావరణ రాడార్లు వాడే కొన్ని ఛానెళ్లకు ఇది పది నిమిషాలు. డీఎఫ్‌ఎస్ అనే ఈ నియమాన్ని కొన్ని చవక రౌటర్లు అమలు చేయలేక ఆ ఛానెళ్లను అసలే వాడవు. హోటల్ తన 5 గిగాహెర్ట్జ్ వైఫైని అలాంటి ఛానెల్ మీద నడుపుతుంటే ఫోన్‌కు సిగ్నల్ నిండుగా కనిపిస్తుంది, రౌటర్ స్కాన్‌లో మాత్రం ఆ పేరే రాదు. ఇలాంటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ మీద హోటల్‌కు కలిసి, 5 గిగాహెర్ట్జ్‌ను గదికి వదిలేయడం ఒక దారి. మందకొడిగా ఉన్నా నిలకడగా ఉంటుంది.

రిపీటర్ తనకు అందినదానికంటే ఎక్కువ ఇవ్వలేదు. హోటళ్లలో వైఫై సిగ్నల్ ఇచ్చే యాక్సెస్ పాయింట్లు తరచుగా వరండా పైకప్పుకు ఉంటాయి. అలాంటిచోట రౌటర్‌ను మంచం పక్క బల్ల మీద కన్నా తలుపు దగ్గర పెడితే సిగ్నల్ బాగా అందుకుంటుంది.

ఇక గోడలో కేబుల్ పాయింట్ ఉంటే ఈ గొడవలు చాలా వరకు ఉండవు. బల్ల వెనకో టీవీ వెనకో వెతికితే కొన్ని గదుల్లో కనిపిస్తుంది. ఒక అడుగు పొడవున్న ఈథర్‌నెట్ కేబుల్ సంచిలో వేసుకోవడం మంచిది. కేబుల్ మీద కూడా లాగిన్ పేజీ రావచ్చు గానీ సిగ్నల్ ఊగిసలాట ఉండదు. టీవీకి తగిలించి ఉన్న కేబుల్‌ను మాత్రం పీకొద్దు, అది టీవీ నెట్‌వర్క్‌ది కావచ్చు.

రక్షణ ఎంతవరకు

ట్రావెల్ రౌటర్ పెట్టుకుంటే హోటల్ వైఫై సురక్షితమైపోతుందని అమ్మకం పేజీలు చెబుతాయి. అందులో సగమే నిజం. రౌటర్ ఒక గోడలా నిలబడి, పక్క గదిలోని ల్యాప్‌టాప్ మన పరికరాలను నేరుగా చూడకుండా అడ్డుకుంటుంది. గదిలో మన వైఫైకి సొంత పాస్‌వర్డ్ ఉంటుంది. అయితే రౌటర్ నుంచి బయటికి పోయేదంతా అదే హోటల్ నెట్‌వర్క్ గుండా పోతుంది. వెబ్‌సైట్లలో అధికభాగం హెచ్‌టీటీపీఎస్ వాడుతున్నాయి కాబట్టి పాస్‌వర్డ్, మెసేజ్ వంటివి దారిలో ఎవరూ చదవలేరు. ఏయే సైట్లకు వెళ్తున్నామన్నది మాత్రం గేట్‌వేకు చాలావరకు తెలిసిపోతుంది.

హోటల్ నెట్‌వర్క్‌ను ఆయుధంగా వాడిన ఉదంతాలు నిజంగానే ఉన్నాయి. 2014 నవంబరులో క్యాస్పర్‌స్కీ అనే సైబర్ భద్రతా సంస్థ డార్క్‌హోటల్ అనే ముఠా గురించి వివరాలు బయటపెట్టింది. ఆసియాలోని హోటళ్లలో దిగిన కంపెనీల పెద్దలు వైఫైకి కనెక్ట్ అవ్వగానే, పేరున్న సాఫ్ట్‌వేర్‌కు అప్‌డేట్ వచ్చిందంటూ తెర మీద నకిలీ సందేశం చూపించి వైరస్ ఎక్కించారు. అలాంటిచోట గోడ ఒక్కటే కాపాడదు, ఆ సందేశం మీద నొక్కేది మనమే. లాగిన్ పేజీ దగ్గర ఏది డౌన్‌లోడ్ చేయమన్నా చేయకపోవడమే దానికి విరుగుడు.

గేట్‌వేకు ఏమీ తెలియకూడదంటే రౌటర్‌లోనే వీపీఎన్ పెట్టుకోవాలి. ఇక్కడే ప్రాసెసర్ బలం తేడా చూపిస్తుంది. 2020 మార్చిలో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ 5.6 కెర్నెల్‌లో భాగమైన వైర్‌గార్డ్ తేలికైనది. ఓపెన్‌వీపీఎన్ పాత పద్ధతి, చిన్న ప్రాసెసర్ మీద బాగా బరువు వేస్తుంది. జీఎల్-ఐనెట్ తన బెరిల్ ఏఎక్స్ మోడల్‌కు వైర్‌గార్డ్ మీద 300, ఓపెన్‌వీపీఎన్ మీద 150 ఎంబీపీఎస్ వరకు వస్తుందని చెబుతుంది. స్లేట్ ఏఎక్స్‌కు 550, 120 అని చెబుతుంది. తయారీదారు చెప్పే గరిష్ఠాలు ఇవి. హోటల్ వాటాతో పోలిస్తే ఇందులో సగం వచ్చినా ఎక్కువే. వైర్‌గార్డ్ యూడీపీ అనే డేటా రవాణా పద్ధతి మీద నడుస్తుంది. కొన్ని నెట్‌వర్కులు తెలియని యూడీపీని ఆపేస్తాయి కాబట్టి, హెచ్‌టీటీపీఎస్ సైట్లు వాడే టీసీపీ 443 పోర్టు మీద ఒక ఓపెన్‌వీపీఎన్ ప్రొఫైల్‌ను కూడా సిద్ధంగా ఉంచుకోవడం మంచిది. వీపీఎన్ వాడకం మీద కొన్ని దేశాల్లో ఆంక్షలున్నాయి, బయల్దేరేముందు ఆ సంగతి తెలుసుకోవాలి.

రక్షణ గురించి మాట్లాడుతూ అప్‌డేట్లను మరిచిపోకూడదు. 2017 అక్టోబరులో బయటపడిన క్రాక్ అనే లోపం ఇందుకు మంచి ఉదాహరణ. డబ్ల్యూపీఏ2 అనే వైఫై పాస్‌వర్డ్ రక్షణ పద్ధతిలో ఉన్న ఆ లోపం ప్రధానంగా దెబ్బతీసింది వైఫైకి కనెక్ట్ అయ్యే పరికరాన్ని. ఇంట్లో రౌటర్ వైఫైని ఇచ్చేదే గానీ తీసుకునేది కాదు. హోటల్లో ట్రావెల్ రౌటర్ ఆ రెండూ చేస్తుంది. అందువల్ల దాని సాఫ్ట్‌వేర్ పాతబడితే ఇంటి రౌటర్ కన్నా ఎక్కువ ప్రమాదం. మోడల్ ఎప్పుడు వచ్చింది, చివరి ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) తేదీ ఏమిటి అన్న రెండు ప్రశ్నలకు కంపెనీ డౌన్‌లోడ్ పేజీలోనే జవాబు దొరుకుతుంది. చివరి అప్‌డేట్ వచ్చి రెండేళ్లు దాటితే ఆ మోడల్ జోలికి పోవద్దు.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ప్రస్తావన ఇందుకే వస్తుంది. లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్‌లో లినక్స్ ఉందని తేలి, 2003లో ఆ కంపెనీ సోర్స్ కోడ్ బయటపెట్టాక, దాని మీద 2004లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. పేరులోని డబ్ల్యూఆర్‌టీ అక్కడిదే. ఒక మోడల్‌కు అసలైన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మద్దతు ఉంటే, కంపెనీ అప్‌డేట్లు ఆపేశాక కూడా ఆ పరికరానికి జీవితం ఉంటుంది.

ఏది ఎవరికి

జీఎల్-ఐనెట్ మ్యాంగో 39 గ్రాముల బుల్లి పెట్టె. 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే, పోర్టులు 100 ఎంబీపీఎస్‌వి. ముచ్చటగా ఉంటుంది గానీ, పైన చెప్పిన సగం స్పీడు సమస్య దీనికి పూర్తిగా వర్తిస్తుంది. టీపీ-లింక్ డబ్ల్యూఆర్902ఏసీకి రెండు బ్యాండ్లున్నాయి, మోడ్ మార్చుకోవడానికి పక్కన స్విచ్ ఉంది, కేబుల్ పోర్టు మాత్రం ఒక్కటే, అదీ 100 ఎంబీపీఎస్‌ది. వీడియోలు, బ్రౌజింగ్ చాలనుకునేవారికి ఇది సరిపోతుంది.

వారాల తరబడి హోటళ్లలో ఉండి పనిచేసేవారికి బెరిల్ ఏఎక్స్ స్థాయి కావాలి. 512 ఎంబీ ర్యామ్, 2.5 గిగాబిట్ కేబుల్ పోర్టు, వైఫై 6, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మద్దతు ఉన్నాయి. బరువు దాదాపు 200 గ్రాములు. స్లేట్ ఏఎక్స్ దానికంటే వీపీఎన్‌లో బలమైనది, పోర్టులు మూడు. వైఫై 7 మోడళ్లూ వచ్చాయి గానీ హోటల్ వైఫై కోసమే అయితే ఆ అదనపు ఖర్చుకు కారణం కనిపించదు. హోటల్ గేట్‌వే తన వాటాను వైఫై తరం చూసి పెంచదు కదా.

కరెంటు విషయం తేలిక. చాలా వరకు 5 వోల్టుల యూఎస్‌బీతో నడుస్తాయి. బెరిల్ ఏఎక్స్‌కు 3 ఆంపియర్లు కావాలి, మామూలు ఫోన్ ఛార్జర్లు కొన్ని అంత ఇవ్వవు. హోటల్ టీవీ వెనకున్న యూఎస్‌బీ పోర్టు అసలే చాలదు. దానికి తగిలిస్తే రౌటర్ మధ్యమధ్యలో తనంతట తాను రీస్టార్ట్ అవుతుంది, తప్పేమో వైఫై మీదికి పోతుంది. పెట్టెలో వచ్చిన ఛార్జరే వెంట తీసుకెళ్లాలి.

అందరికీ ఇది అవసరమా అంటే, కాదు. రెండు ఫోన్లు, ఒక రాత్రి బస అయితే అనవసరం. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు తమకు అందిన వైఫైనే హాట్‌స్పాట్‌గా పంచగలవు. విండోస్ ల్యాప్‌టాప్‌లోని మొబైల్ హాట్‌స్పాట్ కూడా ఎనిమిది పరికరాల దాకా అదే పని చేస్తుంది. ఐఫోన్ వైఫైని వైఫై హాట్‌స్పాట్‌గా ఇవ్వలేదు. డేటా ప్యాక్ పుష్కలంగా ఉంటే మొబైల్ నెట్ చాలు. అమెరికాలో హోటల్ దాన్ని అడ్డుకోకూడదు కూడా. నాష్‌విల్‌లోని తమ హోటల్లో అతిథుల సొంత హాట్‌స్పాట్‌లను అడ్డుకున్నందుకు మారియట్ సంస్థ 2014లో అక్కడి కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి 6 లక్షల డాలర్లు కట్టింది. పరికరాల సంఖ్య మీద హోటల్ పెట్టిన పరిమితి మాత్రం వేరే విషయం. అదనపు పరికరానికి డబ్బు తీసుకునే హోటల్లో రౌటర్ వాడటం దాని నిబంధనలకు విరుద్ధం కావచ్చు. లాగిన్ పేజీ కింది చిన్న అక్షరాలు చదివి, సందేహం ఉంటే రిసెప్షన్‌లో అడగడం మర్యాద.

రౌటర్ చేతికి రాగానే, వాపసు గడువు ఇంకా ఉండగానే, పరీక్షించాలి. ఇంటి వైఫై మీద పరీక్షిస్తే ఏమీ తేలదు, అక్కడ లాగిన్ పేజీ ఉండదు కదా. పవర్ బ్యాంక్‌తో పాటు రౌటర్‌ను లాగిన్ పేజీ ఉన్న ఏదైనా ఉచిత వైఫై దగ్గరికి తీసుకెళ్లి, వీపీఎన్ ఆన్‌లోనే ఉంచి, కనెక్ట్ చేసి చూడండి. పేజీ వచ్చిందా, రాకపోతే వీపీఎన్ ఆపడానికి ఎన్ని మెనూలు తెరవాల్సి వచ్చింది, లాగిన్ అయ్యాక రెండో ఫోన్‌కు నేరుగా నెట్ వచ్చిందా, ప్లగ్ తీసి మళ్లీ పెడితే గడియారం సర్దుకుని వీపీఎన్ తనంతట తాను కలిసిందా అన్నవి గమనించండి. అన్నిటికీ అరగంట పడుతుంది. ఈ నాలుగింటిలో ఏది తేడా కొట్టినా, పెట్టెలో పెట్టి వెనక్కి పంపేయడానికి ఇంకా సమయం ఉంటుంది.